కథ ఆటగా మారేదెలా?



ఆ మధ్య మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ముఖం చిన్నబుచ్చుకుని నా దగ్గరకు వచ్చింది. చేతిలో లైబ్రరీ పుస్తకం 'ది హాబిట్' ఉంది. ఇంగ్లండు రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన ఈ నవల 1937లో వెలువడింది. బిల్బో అనే పొట్టివాడు, థోరిన్ అనే మరుగుజ్జుల నాయకుడు, అతని అనుచరులు, గాండాల్ఫ్ అనే మాంత్రికుడు కలిసి, డ్రాగన్ కాజేసిన నిధి కోసం బయలుదేరుతారు. అదీ కథ.

"సార్! ఈ కథతో చేసిన పాత కంప్యూటర్ ఆటను మా అన్నయ్య చూపించాడు. నేనూ ఆడాను. గాబ్లిన్ల చెరలో థోరిన్ చచ్చిపోయాడు సార్! పుస్తకంలో ఆ చోట ఆయన బతికి బయటపడ్డాడు కదా! ఆట చేసినవాళ్ళు కథ సరిగ్గా చదవలేదా?" అని అడిగింది.

నవ్వు రాబోయింది కాని ఆపుకున్నాను. ఆ పిల్లకు నిజంగానే బాధ కలిగింది. పైగా ఆ ప్రశ్నలో మంచి సైన్సు ఉంది. ఆమెకు చెప్పిన సమాధానాన్నే ఇప్పుడు మీకూ చెబుతాను. పెన్సిలు, కాగితం దగ్గర పెట్టుకోండి. మధ్యమధ్య లెక్కలు వేద్దాం.

రైలు దారి, ఊరి దారులు

కథ రైలు దారి లాంటిది. విజయవాడ నుంచి కాజీపేట వెళ్ళే రైలు ఎన్నిసార్లు ఎక్కినా అవే స్టేషన్లు, అదే వరుసలో వస్తాయి. ఆట అలా కాదు, అది ఊరి వీధుల లాంటిది. ప్రతి మలుపులోనూ ఎటు తిరగాలో మీరే నిర్ణయించుకోవాలి.

అయితే కథను ఆటగా మార్చాలంటే ప్రతి మలుపుకూ ఒక కొత్త కథ రాస్తే సరిపోదా? లెక్క కట్టి చూద్దాం. ఒక మలుపులో రెండు దారులు ఉంటే రెండు కథలు. రెండు మలుపులకు నాలుగు, మూడింటికి ఎనిమిది. పది మలుపులకు 1,024 కథలు రాయాలి. ఇరవై మలుపులు ఉంటే 10,48,576 కథలు! టోల్కీన్ వంటి రచయితలు వందమంది కూర్చున్నా అవి పూర్తి కావు.

కనుక ఆట తయారుచేసేవారు కథలు రాయరు. మరేం రాస్తారు? కథ జరిగే లోకాన్ని తయారుచేసి, ఆ లోకం నడిచే నియమాలను రాస్తారు. న్యూటన్ ప్రతి ఆపిల్ పండు కథనూ విడివిడిగా రాయలేదు కదా! అన్ని పళ్ళకూ, చంద్రుడికీ కలిపి ఒకే నియమం రాశాడు. ఇదీ అలాంటిదే.

మొదటి కంప్యూటర్ ఆటల్లో ఒకటైన 'స్పేస్‌వార్' కూడా ఇలా పుట్టినదే. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రస్సెల్ అనే యువకుడు, అతని మిత్రులు దాన్ని తయారుచేశారు. వారికి ఇ.ఇ. స్మిత్ రాసిన అంతరిక్ష సాహస నవలలంటే ప్రాణం. ఆ నవలల్లోని యుద్ధాలను వారు వరుసగా చిత్రించలేదు. తెర మధ్యలో ఒక నక్షత్రాన్ని పెట్టారు. రెండు నౌకలను ఇచ్చారు. నక్షత్రం నౌకలను లాగుతుందన్న గురుత్వాకర్షణ నియమాన్ని చేర్చారు. ఇక యుద్ధం ఎలా జరుగుతుందన్నది ఆడేవారి చేతిలోనే ఉంటుంది.

పుస్తకం ఎంత? యంత్రం ఎంత?

ఇప్పుడు మన అమ్మాయి ఆడిన ఆట దగ్గరకు వద్దాం. 'ది హాబిట్' ఆట 1982లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో తయారైంది. బీమ్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ కోసం వెరోనికా మెగ్లర్, ఫిలిప్ మిచెల్ అనే ఇద్దరు ప్రధానంగా దీన్ని రూపొందించారు. మెగ్లర్ అప్పటికి ఇంకా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న విద్యార్థిని. ఈ ఆట బాగా పేరు తెచ్చుకున్నది జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే బ్రిటిష్ కంప్యూటర్ మీద.

ఆ కంప్యూటర్‌కు సొంత తెర లేదు. ఇంట్లోని టీవీకి తగిలించుకోవాలి. ఆట పాటల క్యాసెట్టు లాంటి టేపు మీద వచ్చేది. టేప్ రికార్డర్‌ను కలిపి మీట నొక్కితే కీచుమంటూ కొన్ని నిమిషాల పాటు ఆట యంత్రంలోకి ఎక్కేది. ఇంతా చేసి దాని మెమరీ 48 కిలోబైట్లు. ఒక కిలోబైటుకు 1,024 బైట్లు కనుక మొత్తం 49,152 బైట్లు.

నవల ఎంత ఉంటుంది? సుమారు 95 వేల ఇంగ్లీషు మాటలు. మాటకు సగటున అయిదు అక్షరాలు, ఒక ఖాళీ కలిపి ఆరు అనుకుందాం. ఒక్కో అక్షరానికి ఒక బైటు చొప్పున 95,000 × 6 = 5,70,000 బైట్లు. యంత్రం నిండా కుక్కినా పుస్తకంలో దాదాపు పన్నెండో వంతు మాత్రమే పడుతుంది. మరి ఆట నడిపే ప్రోగ్రాంకు చోటేది?

బొమ్మల సంగతి ఇంకా కష్టం. స్పెక్ట్రమ్ తెర మీద అడ్డంగా 256, నిలువుగా 192 చుక్కలు ఉంటాయి. గుణించండి. 49,152 వస్తుంది. ఈ అంకెను ఇందాకే చూశారు కదూ! ఒక బైటులో ఎనిమిది చుక్కలు పడతాయి కనుక ఒక బొమ్మకు 6,144 బైట్లు కావాలి. రంగుల కోసం ఇంకో 768. వెరసి 6,912 బైట్లు. అంటే ఏడు బొమ్మలు దాచేసరికి యంత్రం దాదాపు నిండిపోతుంది!

ముగ్గు చెప్పినట్టు బొమ్మ చెప్పడం

అయినా ఆ ఆటలో బొమ్మలు ఉన్నాయి, మాటలూ ఉన్నాయి. ఎలా సాధ్యమైంది?

సంక్రాంతికి ముగ్గులు వేసే మీ అమ్మగారినో, అక్కనో అడగండి. "నిన్న ఎదురింటివాళ్ళు వేసిన ముగ్గు ఏమిటి?" అంటే ఆమె బొమ్మ గీసి చూపించనక్కరలేదు. "పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వరకు" అంటుంది. అంతే! ఆ ఒక్క మాటతో 169 చుక్కలు ఎక్కడెక్కడ పెట్టాలో తెలిసిపోయింది. మధ్య వరుసలో 15, దానికి అటూ ఇటూ 14, 13, 12, 11, 10, 9, 8. కూడి చూసుకోండి.

'ది హాబిట్'లో బొమ్మలను ఇలాగే దాచారు. చుక్క చుక్కా దాచకుండా "ఇక్కడి నుంచి అక్కడికి గీత గీయి, ఈ గీతల మధ్య భాగంలో ఆకుపచ్చ నింపు" వంటి ఆజ్ఞలను దాచారు. అందుకే ఆట ఆడేవారి కళ్ళముందే తెర మీద గీతలు ఒక్కొక్కటిగా పడి, తరువాత రంగు నిండుతుంది. బొమ్మను దాచడానికీ, బొమ్మ వేసే విధానాన్ని దాచడానికీ ఉన్న తేడా గమనించారా? చోటు చాలనప్పుడు బుద్ధి పదునెక్కుతుంది.

ట్రోల్, తెల్లవారుజాము

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కథను నియమాలుగా మార్చడం ఎలా?

నవలలో ట్రోల్స్ అనే రాకాసి జాతి ఒకటి ఉంది. సూర్యకాంతి సోకితే ట్రోల్ రాయి అయిపోతుంది. పుస్తకంలో గాండాల్ఫ్ తన యుక్తితో ట్రోల్స్ తమలో తాము పోట్లాడుకునేలా చేసి, తెల్లవారే దాకా కాలక్షేపం చేయిస్తాడు. కొన్ని పుటల పాటు నడిచే నవ్వుల సన్నివేశం అది.

ఆటలో ఆ పుటలు లేవు. "తెల్లవారితే ట్రోల్ రాయి అవుతుంది" అన్న నియమం మాత్రం ఉంది. తెల్లవారక ముందే మీరు వాటి ఎదుట పడితే మీ పని అయిపోయినట్టే. దూరంగా ఆగి వేచి ఉంటే సూర్యుడే మీ పని చేసి పెడతాడు. అంటే పుస్తకంలో గాండాల్ఫ్ తెలివిని చూసి మీరు మెచ్చుకుంటారు. ఆటలో ఆ తెలివి మీకే రావాలి.

ఇక్కడ ఉన్నవి రెండే రెండు విషయాలు. పగలా, రాత్రా? ట్రోల్ బతికి ఉందా, రాయి అయిందా? ఇలాంటి 'అవును-కాదు' విషయం ఒక్కటి దాచడానికి యంత్రానికి ఒక బిట్ చాలు. తలుపు తెరిచి ఉందా, తాళం చెవి చేతిలో ఉందా, ఉంగరం తొడుక్కున్నామా, ఇవన్నీ బిట్లే. అప్పుడున్న పరిస్థితిని తెలిపే ఈ వివరాలన్నిటినీ కలిపి 'స్థితి' అంటారు.

ఇందాకటి లెక్క గుర్తుందా? పది మలుపులకు 1,024 కథలు రాయాలన్నాం. ఇప్పుడు పది వస్తువులకు పది బిట్లు చాలు. పది బిట్లలో 1,024 స్థితులూ ఇమిడిపోతాయి. పది బిట్లంటే బైటుంపావు! కొండంత పనిని ఆవగింజలో పెట్టిన కీలకం ఇదే.

యంత్రానికి మాట నేర్పడం

ఆడేవారు ఈ లోకంతో మాట్లాడాలి కదా! ఆ రోజుల్లో చాలా ఆటలకు రెండు మాటల ఆజ్ఞలే తెలుసు. 'తలుపు తెరువు', 'దీపం తీసుకో' అంటే సరి. 'ది హాబిట్' అంతకంటే పొడవైన వాక్యాలను అర్థం చేసుకునేది. "ఫలానా దానితో ఫలానా దాన్ని కొట్టు" అనవచ్చు. ఇతర పాత్రలకు పనులు పురమాయించవచ్చు కూడా. గాబ్లిన్ల చెరలో కిటికీ పొట్టి బిల్బోకు అందదు. అప్పుడు "నన్ను ఎత్తుకో" అని థోరిన్‌తో చెప్పాలి.

యంత్రం ఏం చేస్తుంది? మీ వాక్యాన్ని మాటలుగా విడగొడుతుంది. ఒక్కో మాటను తన చిన్న నిఘంటువులో వెతుకుతుంది. క్రియ ఏది, కర్మ ఏది, సాధనం ఏది అని పోలుస్తుంది. అచ్చంగా మీ తెలుగు మాస్టారు తరగతిలో చేయించే పనే! ఇంగ్లీషులో మాటల వరుసను బట్టి కర్తా కర్మా తెలుస్తాయి. మన తెలుగులో ఆ పని విభక్తులు చేస్తాయి. "కత్తితో తాడును కోయి" అన్నా, "తాడును కత్తితో కోయి" అన్నా అర్థం ఒకటే. తెలుగు ఆజ్ఞలు అర్థం చేసుకునే ఆట రాయాలంటే మాటల చివర ఉన్న 'తో', 'ను', 'కు'లను పట్టుకోవాలి. వ్యాకరణం పరీక్షల కోసమే అనుకునేవారు ఈ సంగతి కొంచెం ఆలోచించండి.

థోరిన్ ఎందుకు చనిపోయాడు?

ఇప్పుడు మన అమ్మాయి ప్రశ్న. ఈ ఆటలో అప్పటికి కొత్తగా తోచిన విశేషం ఒకటుంది. పాత్రలు మీరు పలకరించే దాకా బొమ్మల్లా నిలబడి ఉండవు. ప్రతి వంతులోనూ ఒక్కో పాత్రా తన పని తాను చేసుకుపోతుంది. గాండాల్ఫ్ చెప్పాపెట్టకుండా ఎటో వెళతాడు, మళ్ళీ వస్తాడు. థోరిన్ కూర్చుని బంగారం గురించి పాట మొదలుపెడతాడు. మీరు ఏ ఆజ్ఞా ఇవ్వకుండా చాలాసేపు ఊరుకున్నా ఆ లోకంలో కాలం గడుస్తూనే ఉంటుంది. శత్రువు ఎదురైతే ఎవరి పోరాటం వారిదే. ఎవరు గెలుస్తారన్నది కొంత వారి బలాన్ని బట్టి, కొంత పాచిక పడినట్టు అదృష్టాన్ని బట్టి తేలుతుంది.

కనుక ఒకసారి ఆడినట్టు మరోసారి జరగదు. ఒక ఆటలో థోరిన్ చివరిదాకా మీ వెంట వస్తాడు. మరొక ఆటలో చెరలోనే గాబ్లిన్ చేతిలో పడిపోతాడు. మెగ్లర్, మిచెల్ అతన్ని చంపుతూ ఎక్కడా ఒక్క వాక్యం రాయలేదు. వారు రాసిన నియమాలు కలిసి నడిచి ఆ ఫలితాన్ని ఇచ్చాయి. రాసినవారే ఊహించని సంగతులు ఇలా జరుగుతూ ఉంటాయి.

చెడిన ఆట, కుదిరిన ఆట

ఎంత మంచి కథ తీసుకున్నా ఆట కుదరకపోవచ్చు. దానికి పేరుమోసిన ఉదాహరణ 'ఇ.టి.'. దారి తప్పి భూమి మీద ఉండిపోయిన ఒక గ్రహాంతరవాసికీ, ఒక బాలుడికీ కుదిరిన స్నేహం గురించి స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన చిత్రం అది. 1982 జూన్‌లో విడుదలై లోకమంతా ఆడింది. క్రిస్మస్ అమ్మకాలకు ఆట సిద్ధం కావాలని అటారీ సంస్థ పట్టుబట్టింది. హోవర్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామర్‌కు దొరికిన వ్యవధి సుమారు అయిదు వారాలు. అటారీ 2600 యంత్రంలో ఆట జరుగుతుండగా మారే వివరాలను దాచుకునే మెమరీ 128 బైట్లు. రెండు చిన్న ఇంగ్లీషు వాక్యాలు రాస్తే నిండిపోతుంది!

సినిమాకు ప్రాణం స్నేహం. ఆటలో మాత్రం ఇ.టి. గుంటల్లో వెతికి ఫోను ముక్కలు మూడింటిని ఏరుకోవాలి. పిల్లలు అదే గుంటలో పదేపదే పడి విసిగిపోయారు. ఆటలు గుట్టలుగా మిగిలిపోయాయి. అటారీ 1983లో ఇ.టి.తో సహా అమ్ముడుపోని సరుకును న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమగోర్డో పట్టణపు చెత్తదిబ్బలో పూడ్చింది. 2014 ఏప్రిల్‌లో తవ్వి చూస్తే ఆ కార్ట్రిడ్జ్‌లు నిజంగానే బయటపడ్డాయి. కథలో ప్రాణమేదో గుర్తించి, దాన్ని నియమంగా మార్చడానికి తీరిక కావాలి. 'ది హాబిట్' చేసినవారికి ఏడాదికి పైగా దొరికింది. వార్షాకు దొరకలేదు.

ఇక కుదిరిన ఆట. బ్రిటిష్ రచయిత డగ్లస్ ఆడమ్స్ రాసిన 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' 1978లో బి.బి.సి. రేడియో నాటకంగా వచ్చి, 1979లో నవల అయింది. 1984లో అమెరికాలోని ఇన్ఫోకామ్ సంస్థ దాన్ని ఆటగా తెచ్చింది. ఆడమ్స్ స్వయంగా స్టీవ్ మెరెట్జ్‌కీతో కలిసి ఆటను రాశాడు. బొమ్మలు లేవు, అన్నీ అక్షరాలే. ఈ కథలో చెవిలో పెట్టుకుంటే అన్ని భాషలూ అర్థమయ్యే ఒక చేప ఉంది. నవలలో ఆ చేపను చెవిలో పెట్టడం క్షణంలో జరిగిపోతుంది. ఆటలో అది పెద్ద చిక్కుముడి. మీట నొక్కితే చేప ఎగిరి ఎదుటి గోడ కన్నంలో పడుతుంది. కన్నానికి అడ్డంగా అంగీ తగిలిస్తే జారి తూములోకి పోతుంది. తూము మీద తువ్వాలు కప్పితే, గది ఊడ్చే మరమనిషి వచ్చి ఎత్తుకుపోతుంది. ప్రతిసారీ ఏం జరిగిందో గమనించి, ఒక ఊహ చేసి, మళ్ళీ పరీక్షించాలి. ప్రయోగశాలలో మనం చేసేది ఇదే కదా!

మీరే ఒక ఆట చేయండి

కంప్యూటర్ లేకపోయినా ఫరవాలేదు. 'నాన్నా పులి' కథ మీకు తెలుసు. గొర్రెలు కాసే కుర్రవాడు సరదాకు రెండుసార్లు అరుస్తాడు. మూడోసారి నిజంగా పులి వస్తే నాన్న రాడు. దీన్ని ఆటగా మారుద్దాం.

ఒక కాగితం మీద 'నమ్మకం = 2' అని రాయండి. ఇద్దరు ఆడాలి. కుర్రవాడైనవాడు గ్లాసు కింద పాచిక దొర్లించి తాను మాత్రమే చూడాలి. ఆరు పడితే పులి వచ్చినట్టు. తరువాత "నాన్నా, పులి!" అని అరవాలి, లేదా ఊరుకోవాలి. అప్పుడు గ్లాసు తీయాలి. నియమాలు ఇవి:

1. నమ్మకం 1 లేదా 2 ఉన్నప్పుడు అరిస్తే నాన్న వస్తాడు. పులి లేకుండా అరిస్తే కుర్రవాడికి సరదా కింద ఒక మార్కు, నమ్మకంలో ఒకటి కోత.
2. నమ్మకం 0 అయితే ఎంత అరిచినా నాన్న రాడు.
3. పులి వచ్చి, నాన్న రాకపోతే గొర్రెలు పోయాయి. ఆట అయిపోయింది, మార్కులన్నీ పోయినట్టే.
4. పన్నెండు వంతులు గొర్రెలను కాపాడితే అయిదు మార్కులు.

పన్నెండు వంతుల్లో పులి ఒక్కసారైనా రాకుండా ఉండే అవకాశం నూటికి 11 మాత్రమే. అయిదును ఆరుతో భాగించి, వచ్చినదాన్ని పన్నెండుసార్లు గుణించుకుంటే మీకే తెలుస్తుంది.

ఈ ఆటలో "అబద్ధం ఆడరాదు" అని ఎక్కడా రాయలేదు, గమనించండి. ఆ నీతి రెండో నియమంలో దాగి ఉంది. కథ నీతిని చెబుతుంది. ఆట దాన్ని మీ అనుభవంలోకి తెస్తుంది.

ఇంత చెప్పాక మా అమ్మాయి కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా అంది: "అయితే సార్, కిటికీ ఎక్కించమని థోరిన్‌తో నేను ముందే చెప్పి ఉంటే ఆయన బతికేవాడన్నమాట. నేను ఆ గదిలో ఊరికే అటూ ఇటూ తిరుగుతూ కూర్చున్నాను."

"బతికేవాడేమో అమ్మా. కచ్చితంగా చెప్పలేం" అన్నాను.

"పుస్తకం చదివి ఏడ్చినా అది నా తప్పు కాదు. ఇది మాత్రం నా వల్లే జరిగినట్టు అనిపిస్తోంది" అంది.

కథకూ ఆటకూ ఉన్న తేడాను నేను ఇంతసేపు లెక్కలతో చెప్పాను. ఆ పిల్ల రెండు మాటల్లో చెప్పేసింది. మర్నాడు పుస్తకం లైబ్రరీలో తిరిగి ఇవ్వకుండా మరో వారం గడువు అడిగింది. మొదటినుంచి మళ్ళీ చదువుతుందట, ఈసారి ఆట ఆడేవారి కళ్ళతో.

ఆలోచించండి

1. 'నాన్నా పులి' ఆటలో నమ్మకానికి మూడు విలువలు, పులికి రెండు, అరుపుకు రెండు. మొత్తం ఎన్ని స్థితులు? అన్నిటినీ పట్టికగా గీయండి.
2. 17 చుక్కలు, సందు చుక్క, 9 వరకు పెట్టిన ముగ్గులో ఎన్ని చుక్కలు ఉంటాయి?
3. పోయిన నమ్మకం తిరిగి వస్తుందా? ఎన్ని వంతులు బుద్ధిగా ఉంటే ఒకటి పెంచాలి? ఆ అయిదో నియమాన్ని మీరే రాసి, ఆడి చూసి, మీ సైన్సు మాస్టారికి చూపించండి.